నలభై ఎనిమిదో దెబ్బ

పోయిన నెల భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డున కొత్తగా లేచిన ఒక రిసార్టులో మా పెద్దబావ కూతురి పెళ్లివిందుకు వెళ్లాను. అక్కడ పొగ వదిలే యంత్రం పక్కన, ఎండ పోయాక కూడా నల్లకళ్లద్దాలు తీయని ఒకాయన సితారును స్టాండుకు బిగించి నిలబడి వాయించాడు. వెనకాల తప్పెటగుళ్లు వినిపిస్తున్నాయి గానీ, గుండె మీద తప్పెట కట్టుకుని గజ్జెలతో ఎగిరే మనిషి ఒక్కడూ కనిపించడే అని వెతికితే, ఆ మోత ఆయన కాళ్ల దగ్గరున్న చిన్న పెట్టెలోంచి వస్తోందని తెలిసింది. మన జిల్లాల కళకు ప్రపంచస్థాయి వచ్చిందని మైకులో చెప్పారు. ఏది చెవిన పడినా లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. నలభై ఎనిమిది దెబ్బలకొకసారి అదే మోత, అదే గజ్జెల చప్పుడు, అదే కేక. పదకొండుసార్లు విన్నాను, వెంట్రుకవాసి తేడా లేదు. జనం ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకున్నారు. నేను మాత్రం విస్తరి ముందు లెక్కపెడుతూనే ఉన్నాను.

మన ఈడు వాళ్లకైతే సితారు అంటే రేడియోలో ఎవరైనా పెద్దవాళ్లు పోయినప్పుడు వినిపించే వాద్యం. వీణా వయొలినూ తప్ప మరొకటి వాద్యమే కాదనుకునే విజయనగరంలో మా మేనమామ దాన్ని పట్టుకున్నాడు. జూట్ మిల్లులో పని, పక్క క్వార్టర్సులోకి బదిలీ మీద వచ్చిన ఒక రైల్వే ఉద్యోగి దగ్గర సితారు పాఠం, అంతే. క్రిస్మస్‌కు బాప్టిస్టు చర్చి పాటల వాళ్లతో కూర్చునేవాడు, నాటకాల హార్మోనియంతో కూర్చునేవాడు. చివరికి నరసన్నపేట అవతలి పల్లెలో ఉండే, గొర్రెలు కాసుకునే వాళ్ల తప్పెటగుళ్ల దళంతో కూర్చోవడమే ఆయనకు జీవితమైపోయింది. ఆదివారం ఆదివారం వాళ్ల కళ్లంలో గోనె పరుచుకుని, దళం గురువు కాళ్ల వైపే చూస్తూ వాయించేవాడు.

ఊళ్లో సంగీత సభ ఒకటుండేది. అందులోని రసికుల గురించి నాకున్న గౌరవం ఎంతో చెబుతాను: ముందు వరసలో తొడ మీద తాళం వేసే పది మందిలో ఏడుగురు తప్పు వేసేవారు, నేను లెక్కపెట్టాను. ఆ సభ వేదిక మీద దళంతో కలిసి కూర్చోవాలన్నది మామ కోరిక. ఏడేళ్లు తిరిగాక కార్యదర్శి ఒక సాయంత్రం పన్నెండు నిమిషాలిచ్చి, బాగుంటే వార్షికోత్సవంలో దళాన్ని వేదిక ఎక్కిస్తాననీ, లేకపోతే మళ్లీ ఆ మాటెత్తవద్దనీ చెప్పాడు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. సాలూరులో ఒక లారీ ఆఫీసులో టన్నులూ కిలోమీటర్లూ చూసేవాణ్ణి. బడిలో పదితో ఆగినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నానన్న పొగరు దండిగా ఉండేది. మూడు ఆదివారాలు కళ్లంలో కూర్చుని దెబ్బలు లెక్కపెట్టాను. మామది పదహారు మాత్రల తాళం, వాళ్ల అడుగు పన్నెండు. పదహారు మూళ్లు నలభై ఎనిమిది, పన్నెండు నాలుగులు నలభై ఎనిమిది. అక్కడ ఇద్దరూ కలుస్తారు. అలా ఎన్ని చుట్లకు ఆట ముగుస్తుందో కాగితం మీద వేసి, ముందు వరసలో చేతిరుమాలుతో కూర్చుంటాననీ, అది దించగానే ముగింపు కొట్టమనీ, ఇంక గురువు కాళ్లు చూడవద్దనీ మామకు గట్టిగా చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడు. గురువు మాత్రం కాగితాన్ని తిరగేసి చూసి, వాళ్ల మేకకిమ్మని నవ్వాడు.

ఆ రోజు తీరా వెళ్తే, కొత్త చెక్క, గజ్జెలు తగిలి గీతలు పడతాయని కార్యదర్శి దళాన్ని వేదిక కింద నునుపు బండల మీద నిలబెట్టాడు. మామ సితారు తీసుకుని తానూ కిందికొచ్చి కూర్చున్నాడు. ఆట మొదలయ్యాక తొడ మీద తాళం వేసే చేతులు కూడా ఆగిపోయాయి. అంత బాగా సాగింది. చివరి చుట్టులో దళంలోని ముసలాయన బండ మీద జారాడు. పడలేదు, వెనకబడ్డాడు. నా లెక్క నలభై ఎనిమిదికి వచ్చింది, రుమాలు దించాను. మామ మాట తప్పే మనిషి కాదు, ముగింపు కొట్టి చెయ్యెత్తేశాడు. దళం ఆగలేదు. తీగల సాయం లేకుండా పదిమంది మనుషులు ఆ బండల మీద ఎగురుతూ ఉండిపోయారు. హాల్లో నవ్వు లేచింది. కార్యదర్శి అదే అదనుగా మైకందుకుని ధన్యవాదాలు చెప్పేశాడు.

బయట గజ్జెలు విప్పుకుంటున్న గురువు దగ్గరికి పోయి, ఎందుకు ఆపలేదని గట్టిగానే అడిగాను.

"ముసిలోడు కలవనేదు కదా బాబూ. ఎనకున్నోడు కలవకండా అడుగెలాగ మారుత్తాం? మేస్టారు ఎప్పుడూ మా కాళ్లు సూసి వాయించీవోరు. ఇయ్యేల నీ గుడ్డెందుకు సూసినారో ఆరినే అడుగు."

వాళ్ల పద్ధతి అది. అందరికంటే వెనకున్నవాడు కలిసేదాకా గురువు అదే అడుగు మీద చుట్లు తిప్పుతాడు. నేను కూర్చున్న మూడు ఆదివారాలూ ఎవరూ వెనకబడలేదు, అందుకే ప్రతిసారీ ఒకే చోట ముగిస్తే నేను దాన్ని లెక్క అనుకున్నాను. ఇంటి మెట్ల దగ్గర మామ సితారు గోడకానించి అన్నాడు.

"నీ లెక్క తప్పనేదురా అల్లుడూ. మనుసులే మిగిలిపోనారు."

సభ గడప ఆయన మళ్లీ తొక్కలేదు. కళ్లంలో గోనె మీద మాత్రం వేళ్లు సాగినన్నాళ్లూ వాయించాడు, నన్ను లెక్కపెట్టమని ఇంకెప్పుడూ అడగలేదు. ఆయన పోయి పదకొండేళ్లు. ఆ గురువు తర్వాత దళం కూడా చెదిరిపోయింది.

ఆ నల్లకళ్లద్దాలాయన్ని తిట్టుకోవడం నాకు సులువే, తిట్టుకున్నాను కూడా. కానీ ఆయన పెట్టె చేస్తున్నది ఆనాడు నేను కాగితం మీద రాసిచ్చినదే. అందులో జారే బండ లేదు, ముసలాయన లేడు, అందుకే ఎవరూ నవ్వలేదు. పన్నెండోసారి నలభై ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి ఎందుకో ఊపిరి బిగబట్టి విన్నాను, ఎవరికోసమైనా ఒక్క చుట్టు ఎక్కువ తిరుగుతుందేమోనని. తిరగలేదు.