అఖిల పియానో, బాపు నిద్ర

2022 వేసవి సెలవులు. బొగ్గు గనుల వాళ్ళుండే సెంటినరీ కాలనీలో మా క్వార్టర్ ముందు గదిలో పియానో నేర్పుతున్నాను. పిల్లల ఇళ్ళలో ఉండేవన్నీ కరెంటు కీబోర్డులే. అసలు పియానో నా దగ్గర ఒకటుంది. పాతది, వానలు పడితే మూలుగుతుంది. కానీ ఎవరి చెయ్యి ఎలాంటిదో దాని ముందు కూర్చుంటేనే బయటపడుతుంది. చవక కీబోర్డు మీద మీట తాకితే చాలు, మోగుతుంది. పియానోలో మీట నొక్కితే లోపల చిన్న సుత్తి లేచి తీగను కొట్టాలి. మరీ మెల్లగా నొక్కితే సుత్తి తీగ దాకా పోదు, స్వరమే పలకదు.

అఖిల తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. అఖిల 'బాపు' అని పిలిచే వాళ్ళ నాన్న మల్లేశం బొగ్గు గనిలో పని చేస్తాడు. ఇక్కడ గనిని బాయి అంటారు. పిల్లకు తాళం కుదురుగా ఉంది, ఒకసారి చెబితే మరచిపోదు. కానీ నా పియానో ముందు కూర్చుంటే సగం స్వరాలు మింగేసేది. "ఏమే, పొద్దుగాల తినలేదా?" అని ఎగతాళి చేస్తే నవ్వేది. ఆ నవ్వుకు కూడా చప్పుడుండదు. వేళ్ళలో బలం లేదనుకుని కసరత్తు పాఠాలు ఇచ్చాను. రోగమొకటి, మందొకటి.

నెలరోజుల్లో హైదరాబాద్‌లో గ్రేడ్ ఎగ్జామ్, అంటే మెట్టు మెట్టుగా పాసవుతూ పోయే సంగీత పరీక్ష. అది అసలు పియానో మీదే. వాళ్ళమ్మ స్వరూప ముందే తేల్చేసింది.

"మేడం, ఇది పాసైతెనే ముందుకు. లేకుంటే బంద్ చేపిస్త. పదో తరగతి వస్తది, లెక్కల ట్యూషన్‌కు పోవాలె."

అఖిల కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"ఇంట్ల ప్రాక్టీస్ చేస్తున్నవా? నిజం చెప్పు," అని నిలదీశాను.

"రోజూ చేస్తున్న టీచర్."

నాకు ఒళ్ళు మండింది. రోజూ చేసే చెయ్యి ఇలా ఉంటుందా? నా కళ్ళతో చూసి తేల్చుకుందామని ఒక పొద్దున వాళ్ళ క్వార్టర్‌కు వెళ్ళాను.

గేటు దగ్గరే స్వరూప నోటి మీద వేలు పెట్టింది. "మెల్లగ మేడం. ఆయన నైట్ షిఫ్టు దిగొచ్చి పండుకున్నడు."

కుక్కర్ విజిల్ వేస్తుందని అన్నం గిన్నెలో వండుతోంది. టీవీలో బొమ్మ కదులుతోంది, మాట లేదు. లోపల అఖిల కీబోర్డు ముందు కూర్చుని వాయిస్తోంది. వేళ్ళు పరుగెత్తుతున్నాయి, ఒక్క స్వరమూ వినబడటం లేదు. వాల్యూం సున్నాలో ఉంది. మీటల టకటక కూడా రాకుండా వేళ్ళను ఆనీ ఆననట్టు ఆనిస్తోంది.

"ఇయర్‌ఫోన్ పెట్టుకోవచ్చు గదనే?" అని గుసగుసగా అడిగాను.

"ఫోన్‌ది పిన్ను చిన్నది, దీంట్ల పట్టలే టీచర్. నాకు మనసుల వినబడ్తది."

నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. షిఫ్టు ఇళ్ళలో పిల్లలు నడక నేర్చేటప్పుడే మునివేళ్ళ మీద నడవడం నేర్చుకుంటారు. బాపు మధ్యాహ్నం మొదలయ్యే రెండో షిఫ్టుకు పోయినా పక్క క్వార్టర్‌లో ఎవరో ఒకరు పడుకునే ఉంటారు. బాపు మీద ప్రేమంతా ఈ పిల్ల వేళ్ళలోకి దిగింది. దాన్ని నా కసరత్తులు ఏం చేస్తాయి?

ఇంతలో మల్లేశం మంచినీళ్ళ కోసం లేచి వచ్చాడు. నేను చెప్పిన సంగతి విని తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

"ఎన్ని దినాల సంది గిట్ల, బిడ్డా?"

"మొదటి సంది బాపూ. నీకు నిద్ర ఖరాబైతదని."

"అయ్యో! నేను బాయికి పోయినంక వాయిస్తున్నవనుకున్న."

ముచ్చటపడి కీబోర్డు కొన్న మనిషి, బిడ్డ వాయించగా ఒక్కసారీ వినలేదు. వాల్యూం తనే తిప్పాడు. "కొట్టు బిడ్డా, గట్టిగ కొట్టు. నేను లేచే ఉన్న." అఖిల మొదటి మీట నొక్కి, తనే ఉలిక్కిపడింది.

స్వరాలు రాసిన కాగితంలో 'పి' అని ఉంటే మెల్లగా, 'ఎఫ్' ఉంటే గట్టిగా వాయించాలి. ఆ రోజు నుంచి మేం పేర్లు మార్చాం. 'పి' అంటే బాపు పండుకున్నడు, 'ఎఫ్' అంటే బాపు లేచిండు. "బాపు లేచిండు!" అని నేను అరిస్తే నా ముసలి పియానో అదిరేది. కానీ మరుక్షణమే అఖిల భుజాలు ముడుచుకునేది. పరీక్షలో అరవడానికి నేనుండను కదా అని ఫికర్‌గానే ఉన్నాను.

పరీక్ష రోజు మల్లేశం నైట్ షిఫ్టు దిగి, స్నానం చేసి, కన్ను మూయకుండానే మాతో రైలెక్కాడు. పరీక్ష గది బయట బల్ల మీద కూర్చుని, "నువ్ పో బిడ్డా. నేను మేల్కొనే ఉంట, మంచిగ వింట," అన్నాడు. తలుపు మూశారు. 'పి' భాగం మొదలైంది, ఒక్క స్వరమూ జారలేదు. ఇక 'ఎఫ్' రావాలి. వచ్చింది, మూసిన తలుపు దాటి వరండా అంతా మోగింది. సంబరంగా మల్లేశం వైపు తిరిగాను. గోడకు తల ఆనించి, నోరు తెరిచి, గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. ఆ మోతకు కనురెప్ప కూడా కదల్లేదు. ఇన్నేళ్ళూ ఆ పిల్ల కాపాడిన నిద్ర అది!

అఖిల బయటికి రాగానే అతన్ని తట్టి లేపాను. "విన్న బిడ్డా, విన్న. మస్తు కొట్టినవ్," అన్నాడు కళ్ళు నులుముకుంటూ.

"ఏం విన్నవ్ బాపూ! నీ గురక లోపటి దాకా వినొచ్చింది," అని అఖిల పకపకా నవ్వింది. అంత పెద్ద నవ్వు ఆ పిల్ల నోట నేనెప్పుడూ వినలేదు. "నువ్వు పండుకున్నవని తెలిసే గట్టిగ కొట్టిన. గంత గురక పెట్టే నిద్ర పియానోకు ఖరాబైతదా?"

పరీక్ష పాసైంది. స్వరూప ట్యూషనూ పెట్టించింది, పియానో మాత్రం మాన్పించలేదు. కీబోర్డుకు ఇయర్‌ఫోన్ పట్టే చిన్న పిన్ను బజారులో దొరుకుతుందని ఇప్పుడు అందరికీ చెబుతాను. కానీ కొత్త పిల్లలొస్తే, ఎంతసేపు ప్రాక్టీస్ చేస్తావని ముందుగా అడగను. "మీ ఇంట్ల పగటిపూట ఎవరు పండుకుంటరు?" అని అడుగుతాను.