గాలనుకు ఆరు ఔన్సుల కొసరు

1960 ఫిబ్రవరి 1, సోమవారం నాడు నేను ప్రొద్దుటూరులో ధరల ఇన్వెస్టిగేటరుగా చేరాను. జిల్లా గణాంక శాఖలో అది కింది నుంచి రెండో మెట్టు. నా కింద ఒక బంట్రోతు ఉండేవాడు, ఆయన కూడా తాలూకా ఆఫీసుతో ఉమ్మడి. మాది పెండ్లిమర్రి. ఆడమనిషి శుక్రవారం పూట సంచీ తగిలించుకొని అంగడి అంగడికీ తిరిగి ధరలు అడగడం ప్రొద్దుటూరు వాళ్లకు మొదటి నెల వింత, రెండో నెల అలవాటు. మూడో నెలకు నన్ను చూడగానే అడక్కుండానే ధరలు అప్పజెప్పేవారు. వాళ్లు చెప్పినదాన్ని నేను మళ్లీ అడిగి సరిచూసుకునేదాన్ని. దాంతో నాకు చాదస్తమని పేరొచ్చింది. ఆ పేరు పదవీ విరమణ దాకా నిలిచింది.

పని చెప్పుకోవడానికి సులువే. ప్రతి శుక్రవారం బియ్యం నుంచి పెట్రోలు దాకా కొన్ని సరుకుల ధరలు కనుక్కొని శనివారం టపాలో కడపకు పంపాలి. నియమాలు మూడు: అదే రోజు, అదే అంగడి, అదే రకం. ఇవి తప్పితే పోయిన వారానికీ ఈ వారానికీ పోలిక కుదరదు. వీటి వెనక ఇంకో సూత్రం ఉంది. ధర అంటే అమ్మేవాడు చెప్పేది కాదు, కొనేవాడు ఇచ్చే డబ్బుకు చేతికొచ్చే సరుకు. వంకాయలు వీశె కొంటే రెండు కాయలు కొసరు వేస్తారు. ఆ రెండు కాయలూ మాకు లెక్కే.

పెట్రోలుకు మాత్రం కొసరు లెక్క ఎవరూ చూడలేదు. నాకు ముందు పనిచేసినాయన బోర్డు మీద అంకె రాసుకొని పోయేవాడట. నేనూ అంతే చేశాను. మిషను పోసేదానికి కొసరేమిటి?

మా జాబితాలో ఉన్న బంకు జమ్మలమడుగు రోడ్డులో ఉండేది. ఏజెంటు పేరు వెంకటసుబ్బయ్య. యాభై దాటిన మనిషి, పంపు తానే కొట్టేవాడు. ఇప్పటి వాళ్లకు ఆ పంపు తెలియదు. మనిషికంటే ఎత్తుగా ఇనుప స్తంభం, దాని నెత్తిన రెండు గాజు బుడ్లు. పక్కనున్న పిడిని ముందుకూ వెనక్కూ తోస్తే భూమిలోని ట్యాంకు నుంచి పెట్రోలు ఎక్కి ఒక బుడ్డి నిండుతుంది. అది బండిలోకి దిగేలోగా రెండోది నిండుతుంది. బుడ్డికి అర గాలను. అంతా కళ్ల ముందు కనిపించేదే. అయితే గాలను పూర్తయిన ప్రతిసారీ చివర్న వెంకటసుబ్బయ్య పిడిని ఇంకో అర తోపు తోసేవాడు. ఆ కాస్తా గొట్టంలోంచి జారి కొన్నవాడి ట్యాంకులో పడేది. డ్రైవర్లు దాన్ని కొసరనే అనేవారు. కంపెనీ వాళ్లు ధర మార్చనివ్వరు, తగ్గించి అమ్మితే ఏజెన్సీ తీసేస్తారు. కాబట్టి కడప రోడ్డులో ఉన్న ఇంకో బంకుతో ఆయన పోటీ అంతా ఆ అర తోపులోనే జరిగేది.

ఆ ఏడు జూన్ మొదటి వారంలో పెట్రోలు ధర తగ్గింది. ఎక్కడో ఎడారి దేశాల బావుల్లో చమురు ఎక్కువై, కొనేవాళ్లకోసం అమ్మేవాళ్లు వెతుక్కుంటున్నారని పత్రికల్లో రాశారు. ప్రొద్దుటూరులో అందరూ ఇక అన్నీ చవకవుతాయన్నారు. బస్సు చార్జీ తగ్గుతుందని ఒకరు, చాపాడు బావుల మీద ఆయిలింజన్లు పెట్టుకున్న రైతులకు పండగేనని ఒకరు, కాఫీ ధర కూడా తగ్గుతుందని ఇంకొకరు. కాఫీ కాగేది కట్టెల మీదని నేను గుర్తుచేశాను.

నిజానికి మన ఊరి పెట్రోలు ధరలో బావి దగ్గర ధర ఒక ముక్క మాత్రమే. దాని మీద ఓడ కిరాయి, ప్రభుత్వ సుంకం, మద్రాసు రేవు నుంచి రైలు కిరాయి, అమ్మకం పన్ను, ఏజెంటు కమీషను. బావి దగ్గర ఎంత తగ్గినా మిగతా ముక్కలు అలాగే ఉంటాయి. అందుకే అంత హడావుడి చేసి వచ్చిన తగ్గుదల మా బోర్డు మీద గాలనుకు పన్నెండు నయాపైసలు తేలింది. అంతకుముందు గాలను మూడు రూపాయల ఇరవై.

జూన్ 10, శుక్రవారం నేను కొత్త అంకె రాసుకుంటుంటే మస్తాన్ వచ్చాడు. ఆయన టపా సంచుల కాంట్రాక్టరు. సొంత వ్యాను నడుపుతూ పొద్దున ప్రొద్దుటూరులో బయలుదేరి, జమ్మలమడుగులో సంచులు దించి, ముద్దనూరు స్టేషన్లో రైలు సంచులు ఎక్కించుకొని పులివెందుల పోయి, సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. సెకండుహ్యాండు వ్యాను, వాయిదాల మీద కొన్నది. రెండు వాయిదాలు తప్పితే అమ్మినవాడు వ్యాను పట్టుకుపోవచ్చని ఒప్పందం.

"అమ్మా, తగ్గిందని రాసుకుంటాండావా?" అన్నాడు.

తగ్గింది కాబట్టి రాస్తున్నానన్నాను.

"యాడ తగ్గింది? బోర్డు మీద తగ్గింది. నా టాంకీలో తగ్గలా."

ఆయన చెప్పింది ఇది. ధర తగ్గిన రోజు నుంచి వెంకటసుబ్బయ్య కొసరు ఆపేశాడు. గాలనుకు గాలనే, ఆఖరి అర తోపు లేదు. ఆ కొసరు గాలనుకు ఆరు ఔన్సులుంటుందని డ్రైవర్ల అంచనా. గాలనుకు నూట అరవై ఔన్సులు, అంటే ఔన్సు రెండు నయాపైసలు. ఆరు ఔన్సులు పన్నెండు నయాపైసలు. ధరలో తగ్గించిందంతా కొసరులో పోయింది.

మిగతా డ్రైవర్లు తిట్టుకుంటూ కడప రోడ్డు బంకుకు మళ్లారు. మస్తాన్‌కు ఆ వీలు లేదు. టపా కిరాయిలో ఒక షరతు ఉంది. మూడు నెలలకోసారి, ఈ బంకు మీద నేను రాసే ఆఖరి శుక్రవారపు ధరను బట్టి ఆయన కిరాయిని సవరిస్తారు. పెట్రోలు పోయించుకోవలసింది కూడా ఇక్కడే. పెరిగితే పెంచుతారు, తగ్గితే తగ్గిస్తారు. న్యాయమైన షరతే. రోజుకు అయిదు గాలన్ల లెక్కన జులై ఒకటి నుంచి రోజుకు అరవై నయాపైసలు, నెలకు పద్దెనిమిది రూపాయలు కోత పడుతుంది. ఖర్చు మాత్రం పైసా తగ్గలేదు. వాయిదా కట్టాక ఆయన ఇంటికి మిగిలేదే అంతంతమాత్రం. లోకంలో పెట్రోలు చవకైనందుకు మస్తాన్ వ్యాను పోయేటట్టుంది.

పాత ధరే రాయమని ఆయన అడగలేదు. అడిగి ఉంటే మాట అక్కడితో ముగిసేది. "నిజమే రాయమ్మా, అయితే నిజమంతా రాయి," అన్నాడు.

వెంకటసుబ్బయ్యను అడిగాను. ఆయన దాచలేదు. ధర తగ్గేముందు రోజే ట్యాంకు నింపించాడట, పాత ధరకు. కొత్త ధరకు అమ్మమని మరునాడు తంతి వచ్చింది. గాలనుకు పన్నెండు పైసలు ఆయన సొంత జేబులోంచి పోతున్నాయి. పాత సరుకు అయిపోయేదాకా కొసరు మాట ఎత్తొద్దన్నాడు. ధర పెరిగినప్పుడు పాత సరుకు మీద వచ్చే లాభం సంగతి అడిగాను. "అది కొసరు రూపంలో పంచినానని అనుకోమ్మా," అని నవ్వాడు. ఇదివరకు కొసరు ఇచ్చేవాణ్ణని కాగితం మీద సంతకం పెడతారా అంటే నవ్వు ఆగిపోయింది. కంపెనీ వాళ్ల కంటబడితే ఏజెన్సీ ఉండదు. ఆయన భయం కూడా నిజమే.

కడపలో మా గణాంకాధికారికి సంగతంతా రాశాను. నిదానస్తుడు. నాలుగు రోజుల్లో జవాబిచ్చాడు: ఇన్నాళ్లూ బోర్డు ధర రాశాం కాబట్టి ఇప్పుడూ బోర్డు ధరే రాయాలి. కొలిచి చూసిన విశేషం ఏదైనా ఉంటే వ్యాఖ్యలో చేర్చవచ్చు. విన్నది చేర్చకూడదు.

కొలిచి చూడాలి కాబట్టి తూనికల ఇన్స్పెక్టరు దగ్గర ముద్ర వేసిన గాలను పాత్ర, ఔన్సుల గీతలున్న గాజు గ్లాసు ఎరువు తీసుకున్నాను. జూన్ 24, ఆఖరి శుక్రవారం, పొద్దున ఎనిమిదికి బంకుకు పోయాను. రహస్యమేమీ లేదు. బంట్రోతు ముందురోజే ఊరంతా చాటాడు. అక్కడ మస్తాన్ వ్యాను, రెండు పత్తి లారీలు, ఒక బాడుగ కారు నిలబడి ఉన్నాయి. కడప రోడ్డుకు మళ్లినవాళ్లు కూడా ఆ పొద్దు తమాషా చూడటానికి తిరిగొచ్చారు.

ఒక గాలను కొన్నాను. డబ్బు నాదే, శాఖ ఇవ్వదు. వెంకటసుబ్బయ్య చొక్కా చేతులు పైకి మడిచి, ఒక బుడ్డి, రెండో బుడ్డి దించాడు. పాత్రలో గీత దాకా సరిగ్గా వచ్చింది. ఇక ఆపుతాడనుకున్నాను. ఆయన నా వైపు చూసి, లారీల వైపు చూసి, పిడి పట్టుకొని నిండుగా ఒక అర తోపు తోశాడు. గాజు గ్లాసు పట్టాను. సరిగ్గా ఆరు ఔన్సులు. డ్రైవర్ల అంచనాకు నేను మనసులోనే మార్కులు వేశాను.

మస్తాన్ మొహం పాలిపోయింది. "అదేంది మామా, ఏం జేస్తివి?" అన్నాడు.

"నీ కోసమే గదప్పా పోసింది."

"నా కోసమైతే నా టాంకీలో పొయ్యి. అమ్మ గ్లాసులో పోస్తే నాకేమొస్తాది? బోర్డు మీద ఒకసారి తగ్గె, ఈ గ్లాసుతో రెండోసారి తగ్గిందని రాస్తాది. నా కిరాయి రెండుసార్లు కోస్తారు."

వెంకటసుబ్బయ్య పిడి వదిలేశాడు. కొలత పాత్ర పట్టుకొని సర్కారు మనిషి వచ్చిందంటే తక్కువ పోస్తున్నాడేమోనని చూడటానికే అనుకున్నాడు ఆయన. ఎక్కువ పోసి చూపిస్తే తన మర్యాద నిలబడుతుంది, మస్తాన్‌కు మంచి జరుగుతుంది అని లెక్క వేసుకున్నాడు. వ్యాపారంలో ఎక్కువ పోసి చెడిపోయినవాణ్ణి ఆయన ఎన్నడూ చూడలేదు. ధరల శాఖలో ఎక్కువ పోయడమంటే ధర తగ్గించడమేనని ఆయనకెవరు చెప్పారు?

నేను వ్యాఖ్య రాయడానికి కలం తీశాను. తీసి, రాసేముందు ఒక ప్రశ్న అడగాల్సి వచ్చింది. ఈ ఆరు ఔన్సులు నాకు మాత్రమేనా, అందరికీనా? నాకు మాత్రమే అయితే అది ఉద్యోగికి ఇచ్చిన కానుక. తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం, వెనక్కి పోయించేస్తాను. కొసరు లేదని వ్యాఖ్యలో రాస్తాను. అందరికీ అయితే అది ఎప్పటినుంచో ఉన్న అలవాటే. పాత అలవాటు మారనప్పుడు వ్యాఖ్యే అక్కర్లేదు, బోర్డు ధర ఒక్కటే రాస్తాను.

వెంకటసుబ్బయ్య తెలివైనవాడు. రెండు దారులూ ఎక్కడికి పోతాయో క్షణంలో చూశాడు. లేదని రాస్తే అంతకుముందు ఉండేదన్న మాట కంపెనీ దాకా పోతుంది, ఉందంటే అందరికీ పోయాలి. లారీ డ్రైవర్లు తలలు బయటికి పెట్టి వింటున్నారు. వాళ్లెవరికీ వినబడకూడదన్నట్టు, "అందరికీ," అన్నాడు.

"లారీలకు గూడానా మామా?" అని వెనక నుంచి ఎవరో.

"లారీలు మాత్రం ఏం పాపం జేసినాయి, వాటికీ పోస్తా," అన్నాడు ఈసారి గట్టిగా. "ఇంగ నన్ను సతాయించొద్దండి, శానా అయిపోయింది నాకు ఈ పొద్దు."

కొన్న గాలను, కొసరు ఆరు ఔన్సులు మస్తాన్ ట్యాంకులో పోయించి, నా డబ్బు ఆయన దగ్గర తీసుకున్నాను. మూడు రూపాయలిచ్చి, పై ఎనిమిది పైసలు చిల్లర లేదన్నాడు. మార్పించుకొని రమ్మన్నాను.

బోర్డు ధర రాసి పంపాను, వ్యాఖ్య లేకుండా. జులై ఒకటి నుంచి మస్తాన్ కిరాయి రోజుకు అరవై పైసలు తగ్గింది. కొసరు తిరిగి వచ్చింది కాబట్టి పెట్రోలు ఖర్చు కూడా అంతే తగ్గింది. ఆయనకు లాభమూ లేదు, నష్టమూ లేదు. షరతు పెట్టినవాళ్లు అనుకున్నదీ అదే. వాయిదాలు తప్పలేదు, వ్యాను పోలేదు. వెంకటసుబ్బయ్య పాత సరుకు మీద నష్టపోయిన మాట నిజం. అయితే కడప రోడ్డుకు మళ్లిన లారీలు తిరిగి ఆయన దగ్గరికే వచ్చాయి. నష్టం తీరిందా అని తర్వాత అడిగితే, ఆ లెక్క నాకు చెప్పననీ, చెబితే నేను దాన్ని కూడా కడపకు రాసేస్తాననీ అన్నాడు.

మిగతా తగ్గుదల సంగతి కూడా రాయాలి. బస్సు చార్జీ తగ్గలేదు. పత్తి వ్యాపారులు లారీ బాడుగలో కొంత తగ్గించుకున్నారు, పత్తి ధరలో రైతుకు మాత్రం కలపలేదు. కాఫీ కట్టెల మీదే కాగింది. తర్వాత సుంకం పెరిగి బోర్డు మీద అంకె పాత చోటికే పోయింది. బావి దగ్గరి తగ్గుదల అట్లా ఖజానాలో చేరింది. మస్తాన్ కిరాయి మళ్లీ పెరిగింది. ఆరు ఔన్సులు మాత్రం, గాజు బుడ్ల పంపు తీసేసి ముల్లు తిరిగే మీటరు పంపు పెట్టేదాకా సాగాయి.

ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి ఊళ్లోనూ ధర అడిగేముందు కొనేవాడి పక్కన కాసేపు నిలబడి, అతని చేతికి ఎంత వస్తోందో చూసేదాన్ని. ధర తగ్గినట్టు బోర్డు మీద కనిపించిన వారం ఇంకా ఎక్కువసేపు నిలబడేదాన్ని. ఎందుకంటే పెరిగిన ధర తనంతట తానే కొనేవాడి దాకా వస్తుంది. తగ్గిన ధర దారిలో ఎక్కడ ఆగిందో ఎవరో ఒకరు పోయి చూడాలి. మా శాఖ ఉన్నది అందుకే.