సాంచా దగ్గర అనగూడని మాట

కొత్త చద్దరు మడత విప్పినప్పుడు వచ్చే వాసన, సగం గంజి, సగం రంగు, అడుగున ఎక్కడో కాస్త యంత్రపు నూనె, ఇప్పటికీ దుకాణం గడప దగ్గరే నన్ను కాసేపు నిలబెట్టేస్తుంది. కొనేవాళ్లకు అది కొత్త బట్ట వాసన. సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో పుట్టి పెరిగిన నాకు అది బాపు, అంటే మా నాన్న, బనీను వాసన.

మా సందులో ఆడవాళ్లు గడపల మీద చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. తడిపిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, కొలిమిలాంటి ఎండలో దండేల మీద ఆరే రంగు నూలు, వీటన్నిటి కిందా తెల్లారింది మొదలు ఆగని టకటక. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆరు సాంచాలు ఉండేవి. మరమగ్గాలను మేమలాగే అంటాం. బాపు అందులో రెండింటిని చూసుకునేవాడు. ఎండాకాలం పోగులు ఊరికే తెగుతాయని నేల మీద నీళ్లు చల్లితే, ఆ ఆవిరిలో మనుషులు తడిసిన బొమ్మల్లా కనిపించేవాళ్లు. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినిపించదు కాబట్టి అందరూ పెదవులతోనే మాట్లాడుకునేవాళ్లు. మా పేట పిల్లలకు పెదవులు చదవడం అక్షరాలకన్నా ముందే వచ్చేది.

ఏడాదికోసారి, దసరా ముందురోజు ఖండే నవమినాడు సాంచాలు ఆగేవి. వాటిని తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండలు వేసి, నెయ్యి కారే పోలెలు నైవేద్యం పెట్టేవాళ్లు. బాపు వాళ్లమ్మ, మా అవ్వ, సాంచాలో పోగును అటూ ఇటూ మోసుకుపోయే, రెండు కొసలా ఇనుప మొనలున్న నాడెను పళ్లెంలో పెట్టి మొక్కి, పిల్లలందరినీ కూర్చోబెట్టి ఏటా అదే మాట చెప్పేది.

"సాంచ కాడ భయమనొద్దు. ఎగురుతది, తాకుతది అనొద్దు. నాడె ఇంటది. ఇన్నదంటే చేస్తది."

అందుకే పోగు తెగితే పెరిగింది అనేవాళ్లం. ఎవరికైనా దెబ్బ తగిలితే "పువ్వు తాకింది" అనేవాళ్లం. ఇది మూఢత్వమని మాలో ఎవరికీ తోచలేదు, చెప్పులు బయట విడిచి లోపలికి పోవడం ఎంతో ఇదీ అంతే.

ఆరో తరగతిలో ఇంగ్లిష్ చెప్పే బాయి ఒకరోజు బోర్డు నిండా భయం రాసింది. అఫ్రెయిడ్, స్కేర్డ్, ఫ్రైటెన్డ్, టెరిఫైడ్, ఒకదానికన్నా ఒకటి పెద్ద భయమట. భయపెట్టేవాటికి స్కేరీ, హారిబుల్. ఇంటికొచ్చి వల్లె వేస్తుంటే అవ్వ బీడీ చుట్టడం ఆపింది.

"ఏందే ఆ గునుగుడు?"

"భయానికి ఇంగ్లిష్, అవ్వా."

"భయానికి గూడ బడి పెట్టిన్రా! మాకు సదువకుండనే అచ్చె."

బాపు మాత్రం మురిసిపోయాడు. మధ్యాహ్నం బడి నుంచి రాగానే జొన్నరొట్టె, పల్లీల శేంగా చట్నీ, ఉల్లిగడ్డ ఉన్న డబ్బా నేను షెడ్డుకు తీసుకెళ్లేదాన్ని. సాంచాల మధ్య నిలబడి కొత్త మాటలు పెదవులతో అంటే ఆయన చూసి నేర్చుకునేవాడు. ఇక్కడ ఈ మాటలు అనొచ్చా అని మొదటిరోజు అడిగితే, "నాడెకు ఇంగ్లిష్ రాదులే" అని పెదవులతోనే చెప్పి కన్ను కొట్టాడు. అలా మా ఆట మొదలైంది. నేను అఫ్రెయిడ్ అంటే ఆయన స్కేర్డ్, నేను ఫ్రైటెన్డ్ అంటే ఆయన గుండె పట్టుకుని కళ్లు తేలేసి టెరిఫైడ్. ఆ మొహం చూసి నేను నవ్వుకుంటూ బయటికి పరుగెత్తడంతో ఆట ముగిసేది.

వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం, డబ్బా కింద పెడుతూ ఆయన వెనక సాంచాలో తేడా చూశాను. నాడె కాస్త తలెత్తి పోతోంది. సాంచా కొసనున్న పెట్టెలోకి దూరేటప్పుడు దాని దెబ్బ మిగతావాటిలా లేదు. నాడె ఎగిరేలా ఉంది అని చెప్పాలి. ఆ మాట అనగూడదు. భయమవుతోంది అనీ అనగూడదు. వేలు చూపడం తోచనే లేదు, అంతగా అవ్వ మాట నాలో పాతుకుపోయింది. ఆయన ఎదుట నిలబడి నాకు మిగిలిన ఒక్క దారిలో, "ఫ్రైటెన్డ్" అన్నాను. మళ్లీ అన్నాను.

బాపు ఒక్క క్షణం నా మొహం చూశాడు. తరవాత గుండె పట్టుకుని, కళ్లు తేలేసి, "టెరిఫైడ్" అని నవ్వి, పొమ్మని చెయ్యూపి అటు తిరిగాడు. ఆటనుకున్నాడు అని ఏడుపొచ్చింది. గడప దాటుతుండగా టకటకలో ఒక చప్పుడు తగ్గింది. తిరిగి చూస్తే ఆయన నేల మీద ఉన్నాడు, ఎడమ కన్ను మీద రెండు చేతులూ, వేళ్ల సందుల్లోంచి రక్తం.

ఆ కంటికి చూపు మళ్లీ రాలేదు. దవాఖానా వరండాలో అవ్వ నా గడ్డం పట్టుకుని అడిగింది.

"నువ్వేమన్న అన్నవానే ఆడ?"

"ఏమనలే."

"మంచిగ జేసినవ్ బిడ్డా," అని తల నిమిరింది. ఆ నిమరడం నేను చాలా ఏళ్లు మోశాను. బాపు ఆ తరవాత ఇంట్లో కూర్చుని, ముసలివాళ్లు చేసే నూలు కండెలు చుట్టే పని చేశాడు. నేను మళ్లీ షెడ్డు గడప తొక్కలేదు. మేమిద్దరం పెదవులతో మాట్లాడుకోవడం అక్కడితో ఆగిపోయింది.

పోయిన చలికాలం, నీలం నగర్ ఇంట్లో ఎండకు కుర్చీ వేసుకుని కూర్చున్న బాపుకు ఎట్టకేలకు చెప్పాను, ఆ రోజు నేను ఆడలేదని.

"ఎరుకనే," అన్నాడు. "నీ మొకం తెల్లగైంది. సాంచ బంద్ చేద్దామనే అటు తిరిగిన."

"మరి నవ్వినవెందుకు బాపూ?"

"నవ్వితెనే గదా నువ్వు బయటికి ఉరికేది. నాడె ఎగిరితె నువ్వున్న దిక్కే అస్తుండె."

నేను చెప్పకపోతే ఆయన అటు తిరిగేవాడు కాదు. ఆయన నవ్వకపోతే నేను కదిలేదాన్ని కాదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూడటం నాకింకా చేతకాలేదు.

అవ్వ పోయింది. షెడ్డు ఉన్నచోట టైల్సు గోదాం ఉంది. అక్కల్‌కోట్ రోడ్డు కార్ఖానాల్లోని కొత్త మగ్గాలకు నాడెలే లేవు, ఏ మాటైనా అనుకోవచ్చు. చెవులు సరిగ్గా వినపడని పాత నేతగాళ్లు పోయాక మా పేటలో పెదవులు చదివేవాళ్లూ మిగల్లేదు.

ఆ చలికాలపు ఎండలోనే బాపు, షెడ్డులో నేను చివరిసారి అన్న ఆ మాటను ఒకసారి పైకి అనమన్నాడు. నా పెదవుల మీద చూడటమే తప్ప ఎన్నడూ వినలేదట.

"ఫ్రైటెన్డ్," అన్నాను.

ఆయన కాసేపు దాన్ని నోట్లోనే తిప్పుకున్నాడు.

"గింతేనా," అన్నాడు.