గంపకు దొరికిన చోటు

కాలేజీ రోజుల్లో నేను అన్నం దాదాపు మానేశాను. జాకెట్లు వదులై పిన్నులు పెట్టుకుంటున్నా, అద్దంలో నాకు లావుపాటి మనిషే కనిపించేది. చిక్కిపోయావన్నవాళ్ల మీద మండిపడేదాన్ని.

ఒక మధ్యాహ్నం తగరపువలసలో బస్సెక్కి, ఇద్దరు పట్టే సీటులో కిటికీ పక్కన కూర్చున్నాను. చేపలమ్మేసి జాలరిపేటకు తిరిగిపోతున్న ఒకావిడ ఖాళీ గంపతో వచ్చి, జరగమంది.

"ఇక్కడ చోటు లేదండీ" అన్నాను.

"నీసు వాసనకేటమ్మా?" అందామె, కోపం లేకుండానే. ఆ మాట వినడం ఆమెకు అలవాటేమో.

"అయ్యో, కాదు. సీటంతా నేనే నిండిపోయాను."

ఆమె నా ముఖంలోకి చూసింది. నవ్వలేదు. మెల్లగా గంపను నా పక్కన పెట్టింది. అది హాయిగా కూర్చుంది.

"సూడు తల్లీ. గంపకి సోటుంది, నాకుండదేటి?"

గంప ఒళ్లోకి తీసుకొని కూర్చుంది. ఆనందపురం దగ్గర బస్సు కుదిపితే, నేను పడిపోకుండా చెయ్యి అడ్డం పెట్టింది. దిగేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

ఇప్పటికీ కొన్ని రోజులు అద్దం నన్ను లావుగానే చూపిస్తుంది. అప్పుడు కళ్లు మూసుకొని, ఆ గంపను పక్కన పెట్టుకొని చూసుకుంటాను. తర్వాత వెళ్లి అన్నం వడ్డించుకుంటాను.