బొమ్మల సినిమాలో సవతి తల్లి

ఈ మాట ముప్పై ఏళ్ళుగా నాలోనే ఉంది. మా ఆయనకు చెప్పలేదు. చర్చిలో కళ్ళు మూసుకున్నప్పుడు కూడా దీన్ని దాటేసి మిగతావన్నీ చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెబుతున్నాను.

తొంభైల మొదట్లో నేను సినిమాలకు డబ్బింగ్ చెప్పేదాన్ని. యూసుఫ్‌గూడలో కాపురం. వనజది బోరబండ, తనదీ అదే పని. బయట 'ఏందక్కా' అనే మనిషి, మైకు ముందుకొస్తే మా గుంటూరు వాళ్ళకన్నా శుభ్రంగా పలికేది. అది నాకు కడుపుమంట. నాకే వస్తుందనుకున్న హీరోయిన్ గొంతు తనకు వెళ్ళిన వారమే ఇది జరిగింది.

ఆ వేసవిలో ఫిల్మ్‌నగర్‌లో ఒక ప్రివ్యూ థియేటర్లో మా డబ్బింగ్ వాళ్ళ పిల్లలకు పాత విదేశీ సినిమా ఒకటి వేశారు. బొమ్మలను కాస్త కాస్త జరుపుతూ ఒక్కో ఫొటో తీసి చేసింది. మాటల్లేవు, అంతా పాటలే, ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాదు. అందుకని నన్ను మైకు పట్టుకుని కథ చెప్పమన్నారు. కథ రాసిన ఇంగ్లీషు కాగితం నా ఒక్కదాని చేతిలోనే ఉంది. తల్లి కోపంలో కూతుర్ని మంచులోకి కట్టెలకు తరుముతుంది. తర్వాత ఏడుస్తూ తనే వెతుక్కుంటూ వెళ్ళి ఎత్తుకుని తెచ్చుకుంటుంది. అంతే కథ.

ముందు వరుసలో వనజ, ఒళ్ళో రోజీ. వనజ భర్తకు మొదటి భార్య వల్ల పుట్టిన కూతురు, ఆరేళ్ళది. కన్నతల్లి చనిపోయింది. వనజను అమ్మా అని పిలవడం ఆ మధ్యే మొదలుపెట్టింది. వనజ ఆ సంగతి మా అందరికీ రెండేసి సార్లు చెప్పింది.

తెరమీదికి తల్లి బొమ్మ రాగానే నేను 'సవతి తల్లి' అన్నాను. నోరు జారిందా? లేదు. చివర్లో అదే తల్లి బొమ్మ తలమీదుగా శాలువా కప్పుకుని వచ్చింది కాబట్టి, చనిపోయిన కన్నతల్లి దేవతై వచ్చిందన్నాను. గొంతు వణికించి మరీ చెప్పాను. రోజీ ఒళ్ళోంచి దిగి పక్క కుర్చీలో కూర్చుంది.

బయటికొచ్చాక వనజ అడిగింది. "అక్కా, కథల నిజంగనే సవతి తల్లేనా?"

"అవునే. ఉన్నదే కదా చెప్పాను."

కాగితం నా సంచిలోనే ఉంది.

రోజీ మళ్ళీ పిన్ని అనడం మొదలుపెట్టింది. జూన్‌లో అమ్మమ్మ దగ్గరే ఉంటానని మొండికేసి వెళ్ళిపోయింది. నా వల్లేనా? పిల్లలు ఊరికే కూడా అలా మారతారని నాకు నేనే ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. మరి అంత నమ్మకముంటే, ఒక్క మాటతో సరిచేయగలిగిన రోజులు ఎన్నో వచ్చినా నోరెందుకు విప్పలేదు?

పిల్లను దగ్గర చేసుకోవడం తనకు చేతకాలేదని వనజ ఇప్పటికీ తనను తానే తిట్టుకుంటుంది. నేను పక్కన కూర్చుని వింటాను. ఓదారుస్తాను కూడా.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. తప్పు వనజది కాదని ఒక్కచోటైనా రాసి పెట్టాను. కాస్త ఊపిరాడుతోంది.