వైరు తెంపని చలపతన్న

జగదల్‌పూర్ బస్టాండు వెనక సందులో నిన్న నా బండికి ఫోను చార్జర్ పెట్టించుకున్నాను. మెకానిక్ హెడ్‌లైటు విప్పి, లోపలి వైర్ల గుత్తిలోంచి ఒకదాన్ని బయటికి లాగి టంకం పెట్టాడు. పేస్టు కాలి లేచిన పొగ ముక్కుకు తగిలింది. అంతే, కుర్చీలో కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. సందు ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగి వచ్చి, "టేపు చుట్టే ముందు అతుకు ఒకసారి లాగి చూడు భయ్యా" అన్నాను హిందీలో. అతను నా వంక అదోలా చూశాడు. ఆఫీసుకు పోయే ఆడమనిషికి వైర్ల సంగతి ఎందుకనుకున్నాడేమో. నాకు ఆ సంగతులు నేర్పిన మనిషిని అతనెరగడు, మీరూ ఎరగరు. శబరి ఒడ్డున కొంటా అనే చిన్న పట్నంలో ఆయన్ని మైకు చలపతి అనేవారు. నాకు చలపతన్న.

ఈ జగదల్‌పూర్ వైపు కొత్త రాష్ట్రం వేరుపడిన రోజుల్లో మా ఊళ్ళకు ఫోన్లు లేవు. ఊరికి కబురు తెలియాలంటే ఊరి కాపలాదారు కోట్వారు డప్పు కొట్టాలి, లేదా చలపతన్న మోటారుసైకిలు రావాలి. పాత బండి వెనక ఇనుప చువ్వకు గొట్టం మైకు బిగించి, మైకు పెట్టెకు బండి బ్యాటరీ నుంచి కరెంటు లాగి, వారపు బజార్లన్నీ తిరిగేవాడు. బట్టల అమ్మకం, సర్కసు, మలేరియా మాత్రలు, రేషను, ఏదైనా సరే చాటేవాడు. పుట్టింది సావుకార్ల ఇంట్లో. అన్నలిద్దరూ కిరాణా కొట్టు గద్దె మీద కదలకుండా కూర్చుంటే ఈయన కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. అన్నం తింటున్నా ఒక మోకాలు ఊగుతూనే ఉండేది. మొదట్లో మైకులో మాట్లాడేది ఆయన భార్య పార్వతి వదిన. ఆమె గొంతు దెబ్బతిన్నాక ఇంకో గొంతు కోసం వెతుక్కుంటూ ఇద్దరూ మా ఊరొచ్చారు. నేను పన్నెండో తరగతి పూర్తిచేసి ఇంట్లో ఉన్నాను. తెలుగు, హిందీ, దోర్లీ వచ్చు, హల్బీలో బజారు మాటలు వచ్చు, నోరు మాత్రం అన్ని భాషల్లోనూ ఉంది. ఇంకొన్నాళ్ళు ఇంట్లో కూర్చుంటే నాకు పిచ్చెక్కేదే. వదిన అడగడమే ఆలస్యం, ఒప్పేసుకున్నాను.

మా నాయన ఒప్పుకోలేదు. "ఆడపిల్ల గొంతు అంగట్ల పెడ్తవా?" అన్నాడు. "కూలికి పోతే చేతులు పెడ్తలేనా, గొంతు పెడ్తే ఏంది?" అన్నాను నేను. ఆ రోజు నుంచి నాతో మాట మానేశాడు. నేను కొంటాలో వదిన దగ్గరే ఉండి పనిచేశాను. పండక్కి ఊరెళ్తే నాయన ఎద్దులతో మాట్లాడేవాడు, నాతో కాదు. లచ్చిమి తిన్నదా అని అమ్మను కూడా అడిగేవాడు కాదు. నాకు కోపం వచ్చేది, కోపం కన్నా ఏడుపు ఎక్కువ వచ్చేది. చలపతన్న అది పసిగట్టేవాడు కానీ ఓదార్చడం ఆయనకు చేతకాదు. చేతికి పని ఇచ్చేవాడు.

ఆ పనికి అంతుండేది కాదు. వారం వారం బండికి ఏదో ఒకటి తగిలించకపోతే ఆయనకు తోచేది కాదు. పొగమంచుకని ఒక పసుపు దీపం, బ్రేకు నొక్కితే మిణుకుమనే ఎర్ర దీపాలు, పాట వాయించే హారన్, స్పీడు ముల్లు పక్కన నీలం బల్బు, నంబరు ప్లేటు చుట్టూ రంగుల మాల. ఒకసారి వెనక కూర్చునే నాకు ఉక్కపోస్తోందని అరచెయ్యంత ఫ్యాను బిగించాడు. అది నా జడ పట్టుకుంది. వదిన కత్తెరతో జడ కొస కత్తిరించి నన్ను విడిపిస్తూ, "ఇంట్ల కరెంటు బుగ్గ మాడిపోయి ఎన్నాళ్ళాయె, చీకట్ల వండుతున్న. బండికేమో తిరునాళ్ళు" అంది. "ఇంట్ల బుగ్గ కదలదు గద పార్వతీ, దాని మీదికి నాకు మనసు పోదు" అన్నాడు చలపతన్న. ముగ్గురం నవ్వుకున్నాం. మర్నాడు కూడా ఆ బల్బు మార్చలేదు.

వైరు చేతిలోకి తీసుకుంటే మాత్రం ఆ తొందరంతా ఎక్కడికి పోయేదో తెలియదు. కొత్త దీపం పెట్టాలంటే పాత వైరును మధ్యలో కోసి అతికించడం అందరూ చేసే పని. ఈయన కొయ్యనిచ్చేవాడు కాదు. పాత అతుకు ఎక్కడుందో వెతికి, టేపు విప్పి, టంకం కరిగించి, అక్కడే కొత్తదాన్ని కలిపేవాడు. ఎర్ర వైరు ఫ్యూజు దాటి రావాలి, నల్లదాన్ని రంగు గీకిన చోట బండి ఇనుముకు బిగించాలి, అతుకు లాగి చూడాలి, అప్పుడే టేపు. ఒకసారి నేను విసిగిపోయి కటింగ్ ప్లేయర్ తీస్తే చేతిలోంచి లాక్కున్నాడు.

"తెంపనీకేముంది, ఎవలైన తెంపుతరు. ముడి ఎక్కడున్నదో చూడు."

"దొరకకపోతే?"

"దొరికేదాంక చూడు. నీకేం పనున్నది, నాకేం పనున్నది."

ఒక్క చోట నిలవని మనిషి ఆ మాటనడం చూసి నాకు నవ్వొచ్చింది. మా నాయన సంగతి కూడా కలిపి అన్నాడా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అడగలేదు.

ఆ ఏడు వానాకాలంలో గోదావరి పొంగింది. మా దగ్గర ఉత్త ముసురే. కానీ గోదావరి నిండితే దాంట్లో కలిసే శబరి నీళ్ళకు పోవడానికి చోటుండదు, వెనక్కి తన్ని పొలాల్లోకి, వాగుల్లోకి ఎక్కుతాయి. ఆ ఎగపోటుకు చప్పుడుండదు. నాట్లేసేవాళ్ళు తల వంచుకుని వెనక్కి వెనక్కి నడుస్తారు, మడిలో ఎలాగూ నీళ్ళుంటాయి, వెనక నుంచి వచ్చేది నది అని తెలియదు. తహసీలు నుంచి కబురందగానే మధ్యాహ్నం శబరి వెంట ఊళ్ళకు బయల్దేరాం. మా ఊరు చేరేసరికి ఇళ్ళ దగ్గర ముసలివాళ్ళూ పిల్లలే ఉన్నారు. తక్కినవాళ్ళంతా వాగు అవతల పొలాల్లో ఉన్నారు, మా నాయన కూడా. ఎత్తు గట్టు మీద నిలబడిన మాకు వాళ్ళ వెనక పల్లపు మళ్ళు మునిగిపోయి మెరుస్తూ కనిపిస్తున్నాయి. వాళ్ళకూ మాకూ మధ్య వాగు కూడా ఎక్కుతోంది. అది నిండిందంటే అందరూ నడుమ చిక్కిపోతారు. ఎవరో వెళ్ళి చెప్పి తీసుకొచ్చే వేళ లేదు.

అన్ని ఊళ్ళలో చెప్పినట్టే మైకులో చెప్పాను. వరద వస్తోంది, ప్రజలందరూ ఎత్తు ప్రాంతాలకు వెళ్ళాలి. పొలంలో తలలు లేచాయి, ఎవరో చెయ్యి ఊపి నవ్వారు, మళ్ళీ వంగారు. ఆ మైకు మా ఊరికి ఎక్కువగా ఏదో అమ్మడానికే వచ్చింది మరి. నారుమడిలో నారు పీకుతున్న నాయన కూడా తలెత్తాడు. నా గొంతు గుర్తుపట్టాడు, నాకు తెలుసు. తల దించుకుని మళ్ళీ పనిలో పడ్డాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. రెండోసారి మొదలుపెట్టేసరికి మైకు మూగబోయింది.

చలపతన్న కొత్త ఫ్యూజు పెట్టాడు, అదీ పోయింది. ముసురుకు తడిసిన రంగుల దీపాల్లో ఎక్కడో వైరు బండి ఇనుముకు తగులుతోంది. ఎక్కడో తెలియాలంటే అన్ని అతుకులూ విప్పాలి, ఆ బండి నిండా ఆయన అతుకులే. ఒక్క క్షణం బండి వంక చూస్తూ నిలబడిపోయాడు. ఆయన అలా కదలకుండా నిలబడడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత కటింగ్ ప్లేయర్ తీశాడు. పసుపు దీపానికి, ఎర్ర దీపాలకు, హారన్‌కు, నీలం బల్బుకు పోయే వైర్ల గుత్తిని మొదట్లోనే పట్టుకుని తెంపేశాడు. మైకు వైరు ఒక్కటి మిగిల్చి, ఉన్న ఆఖరి ఫ్యూజు పెట్టి, "మాట్లాడు" అన్నాడు.

"ఇంటలేరన్నా. సబ్బులు అమ్మనీకొచ్చినమనుకుంటాండ్రు."

"ఊరికి చెప్పకు. మీ నాయినకు చెప్పు."

"నాయిన నాతోటి మాట్లాడడు."

"నువ్వు మాట్లాడు. ఆయనను మాట్లాడమన్ననా?"

మైకు నోటి దగ్గరికి తీసుకున్నాను. "నాయినా, నేను లచ్చిమిని. ఎనకకు చూడు నాయినా, శబరి ఎక్కింది. నన్ను తిట్టాల్నంటే ఒడ్డుకొచ్చి తిట్టు. ఒక్కసారి ఎనకకు చూడు" అన్నాను. ఆయన కదల్లేదు. మళ్ళీ అన్నాను, మళ్ళీ అన్నాను. గొంతు బొంగురుపోయింది, ఏడుపొచ్చేసింది, ఆ ఏడుపు కూడా మైకులో ఊరంతటికీ వినపడింది. చివరికి నాయన నారు కట్ట చేత్తో పట్టుకునే లేచి నిలబడి వెనక్కి తిరిగాడు. ఆయన తిరగడం చూసి పక్కవాళ్ళు తిరిగారు. ఇక నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఎద్దుల తోకలు పట్టుకుని దాటారు. చలపతన్న ఛాతీ లోతు దిగి నిలబడి ఒక్కొక్కర్నీ గట్టుకు అందించాడు. అందరికన్నా వెనక నాయన దాటాడు. అప్పటికి నీళ్ళు మెడకు వచ్చాయి. గట్టెక్కి, తువ్వాలు పిండుకుంటూ, నా మొహం చూడకుండానే, "అంత గట్టిగ ఒర్రుడేంది? మొదట్నే ఇనపడ్డది" అన్నాడు. అన్నాళ్ళ తర్వాత నాతో ఆయన అన్న మొదటి మాట అది. నేను అక్కడే బురదలో కూలబడి ఏడ్చాను. చలపతన్న ఇటు రాకుండా, తెగిన వైర్ల కొసలు బండికి తగలకుండా ఒక్కొక్కటిగా టేపు చుట్టుకుంటూ ఉండిపోయాడు.

ఆ నాట్లన్నీ కుళ్ళిపోయాయి. నాయన మళ్ళీ నారు పోశాడు. చలపతన్న కొత్త పసుపు దీపంతో మళ్ళీ మొదలుపెట్టాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. జ్వరంతో భద్రాచలం ఆస్పత్రిలో పడుకోబెట్టినా దుప్పటి కింద మోకాలు ఊగుతూనే ఉందని వదిన చెప్పింది.

ఇప్పుడు నేను ఆరోగ్య ప్రచారానికి జీపులో తిరుగుతున్నాను. పైన పెద్ద మైకు, అందులో ఎవరిదో రికార్డు చేసిన చక్కటి గొంతు. ఆ గొంతు పిలిస్తే పొలాల్లో జనం తలెత్తుతారు, వింటారు, మళ్ళీ వంగుతారు. అప్పుడు నాకు కాలు నిలవదు. జీపు ఆపించి దిగుతాను. డ్రైవరు విసుక్కుంటాడు, ఇంకా ఎన్నో ఊళ్ళు ఉన్నాయంటాడు. విసుక్కోనీ. దారిన పోయేవాళ్ళను ఆపి, అదిగో ఆ వంగినామె పేరేమిటని అడుగుతాను. రికార్డు కట్టేసి ఆ పేరుతో పిలుస్తాను. ఆమె ఇటు తిరిగేదాకా పిలుస్తూనే ఉంటాను.