ఒక జత టీపాయ్‌ల కోసం ప్రొద్దుటూరు దాకా

మా కాలేజీలో పాఠాలు చెప్పే ఆడవాళ్ళం అయిదుగురం నెలకో ఆదివారం ఒకరి ఇంట్లో కూర్చుని, అందరం చదివిన పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. నా వంతు అప్పటికి రెండుసార్లు వచ్చింది. ఒకసారి జ్వరమన్నాను, ఒకసారి కుళాయిలో నీళ్ళు రావడం లేదన్నాను. కర్నూలులో నేను అద్దెకుంటున్న ఇంటికి అంతవరకు ఎవరూ వచ్చి కూర్చోలేదు. ముందు గదిలో ఒక సోఫా, గోడ వెంట పుస్తకాల దొంతరలు, అంతే. వచ్చినవాళ్ళు టీ గ్లాసు పెట్టుకోవడానికి చోటు లేదు. మూడోసారి కూడా తప్పించుకుంటే ఇక నన్ను అడగడం మానేస్తారని భయం వేసింది. సోఫాకు అటొకటి ఇటొకటి పాతకాలపు టీపాయ్‌లు ఉంటే అది మనుషులు కూర్చునే గదిలా కనిపిస్తుందనుకున్నాను.

కర్నూలు దుకాణాల్లో అన్నీ గాజు పలక, ఇనుప కాళ్ళవే. మా కాలేజీ గుమస్తాది ప్రొద్దుటూరు. వాళ్ళ వీధిలో ఒక బట్టల వర్తకుల ఇంట్లో నల్లబడిన టేకు టీపాయ్‌లు జత ఉన్నాయనీ, అమ్మేస్తామని అంటున్నారనీ ఆయన చెప్పారు. వీధి పేరు రాసుకుని శనివారం సెలవు పెట్టాను.

ఉదయం ఆరింటికి కర్నూలు బస్టాండులో కడప ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ డబ్బులుండవు. అందువల్లే సీటు కూడా దొరకదు. నంద్యాల దాకా నిలబడే వచ్చాను. అక్కడ బస్సు ఆగినప్పుడు ఒక బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. ముప్ఫై రూపాయలు. ఆ తర్వాత కిటికీ పక్కన చోటు దొరికింది కానీ అద్దం మూసుకోలేదు. ఆళ్ళగడ్డ దాటేసరికి వేడిగాలి మొహానికి కొడుతోంది. తెచ్చుకున్న పుస్తకంలో ఒకే పేజీ మూడుసార్లు చదివి మూసేశాను. మైదుకూరులో దిగి ప్రొద్దుటూరు బస్సు మారాలి. అది అరగంట ప్రయాణం. దిగేసరికి పదకొండు కావస్తోంది, అప్పటికే రోజంతా గడిచిపోయినంత అలసట.

ఆటో డ్రైవరుకు వీధి పేరు, ఇంటి గుర్తు చెప్పాను. ఆయన అద్దంలోంచి నన్ను చూశాడు.

“పెద్దామె ఇంటికా, చిన్నామె ఇంటికా?”

“ఇల్లు ఒకటేనని చెప్పారండీ.”

“ఇల్లొకటేలేమ్మా. వాకిండ్లు రెండు.”

అరవై రూపాయలు తీసుకుని వీధి మొదట్లో దింపాడు. ఆయన చెప్పింది అక్కడికి వెళితే అర్థమైంది. పాత మిద్దె ఇల్లు, ముందు పొడవాటి అరుగు. ఆ అరుగును మధ్యకు కోస్తూ సిమెంటు ఇటుకల గోడ ఒకటి లోపలికి వెళ్ళిపోయింది. గోడకు సున్నం కూడా వేయలేదు. అటు ఒక తలుపు, ఇటు ఒక తలుపు. నేను దగ్గరగా ఉన్నది తట్టాను.

తలుపు తీసినావిడ పెద్ద కోడలు. జుట్టు నెరిసింది, నడుముకు తాళాల గుత్తి. మంచినీళ్ళిచ్చి, వచ్చిన పని విని, టీపాయ్ చూపించారు. మోకాలెత్తు, వంపు తిరిగిన కాళ్ళు, పలక చుట్టూ చెక్కిన తీగ, ముందు ఒక చిన్న సొరుగు. పైన తమలపాకుల పళ్ళెం, ఫోను చార్జరు ఉన్నాయి. నేను కర్నూలు నుంచి అనుకుంటూ వచ్చినదాని కంటే బాగుంది. రెండోది ఎక్కడని అడిగాను. ఆవిడ గడ్డంతో గోడ వైపు చూపారు.

అన్నదమ్ములు వేరు పడ్డప్పుడు, జత ఒకరికే ఇస్తే రెండోవాళ్ళకు తక్కువ చేసినట్టవుతుందని భాగాలు చేసిన పెద్దమనుషులు మంచాలు, కుర్చీలు, ఇత్తడి బిందెలు, జతగా ఉన్నవన్నీ విడదీసి పంచారట. టీపాయ్ కూడా ఇంటికొకటి. అప్పటినుంచి తోటికోడళ్ళకు మాటల్లేవు. ఇస్తే రెండూ ఇస్తాం, ఒంటిది అమ్మి జత చెరిపానన్న మాట తనకొద్దు అన్నారావిడ. “పోయి ఆమెను అడుగు. నేను ఆ పక్కకు మాట్లాడను.”

మళ్ళీ ఎండలోకి దిగి పక్క తలుపు తట్టాను. చిన్న కోడలు నా మాట పూర్తి కాకముందే “ఏం సెప్పినాది ఆమె?” అని అడిగారు. చెప్పాను. తనకూ అభ్యంతరం లేదట, పెద్దామె ఇస్తే తానూ ఇస్తారట. ఈవిడ టీపాయ్ మీద మిక్సీ ఉంది. మిక్సీ దించి కొంగుతో పలక తుడిచారు. “అయితే ఒకటమ్మా, దీని సొరుగు తెరుచుకోదు. రెంటికీ ఒకే బీగంచెవి. అది ఆమె కాడ ఉండాది.”

మళ్ళీ ఇవతలికి. పెద్దావిడ గుత్తిలోంచి చిన్న తాళంచెవి వేరుచేసి నా చేతిలో పెట్టి, తెరవగానే వెనక్కి తెచ్చివ్వమన్నారు, అక్కడ వదిలి రావద్దన్నారు. మళ్ళీ అవతలికి. సొరుగు గట్టిగా లాగితే గాని రాలేదు. లోపల మడత పెట్టిన ఎర్ర గుడ్డ. దాని మీద దారంతో గళ్ళు కుట్టి ఉన్నాయి. గుడ్డలో గవ్వలు. పచ్చీసు ఆట. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మగవాళ్ళు అంగట్లో ఉండగా, రెండు టీపాయ్‌లూ దగ్గరికి లాగి, వాటి మీద ఆ గుడ్డ పరిచి తోటికోడళ్ళిద్దరూ ఆడేవాళ్ళట. చిన్నావిడ గుడ్డ విప్పి దాని మీది గళ్ళను వేలితో తడిమారు. తర్వాత గవ్వలన్నీ నా చేతి రుమాలులో పోసి, “ఆమెకియ్యి. ఒక్కదాన్నే ఏం ఆడేది” అన్నారు.

పెద్దావిడ అరుగు మీదికి వచ్చి కూర్చుని ఉన్నారు. తాళంచెవి తీసుకుని గుత్తికి తగిలించి, రుమాలు విప్పి గవ్వలు వేలితో జరుపుతూ లెక్కపెట్టారు.

“ఆరుండాల. అయిదే ఉండాయి. ఓడిపోయేటప్పుడు ఒకటి దాచేది ఆమెకు శానా అలవాటు. పోయి అడుగు.”

నేను ఆవిడ పక్కనే చతికిలబడ్డాను. అరుగు మీద నీడ ఉంది, గోడకు వీపు ఆనించాను. పెద్దవాళ్ళకు కాదని చెప్పడం నాకు చేతకాదు. ఆ పూట మాత్రం నోట్లోంచి వచ్చేసింది.

“ఇంక నేను పోలేనండీ. మీరే అడగండి.”

ఆవిడ నా వైపు చూశారు. ఎండ వైపు చూశారు. గవ్వల వైపు చూశారు. చివరికి ఆ సున్నం లేని గోడ వైపు తిరిగి, మామూలు గొంతుతోనే అన్నారు.

“ఏమే, ఆరోది యాడ పెడితివి?”

అవతల గిన్నెల చప్పుడు ఆగింది.

“నీ సొరుగులోనే చూడక్కా. ఆపొద్దు ఎత్తుకుండేది నువ్వే.”

పెద్దావిడ లోపలికి వెళ్ళారు. సొరుగు తెరిచిన చప్పుడు వినిపించింది, మూసిన చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చి కూర్చున్నారు.

“ఉండాదా?” అని గోడ అవతలినుంచి.

“ఉండాదిలే.”

అక్కడే అరుగు మీద నాకు అన్నం పెట్టారు. పప్పు, వేడన్నం, చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి. నేను తింటుండగానే చిన్నావిడ మజ్జిగ చెంబుతో వీధి వైపు నుంచి చుట్టి వచ్చి అరుగు చివర కూర్చున్నారు. ఎర్ర గుడ్డ చంకలో ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నాకు మజ్జిగ ఎవరు పోయాలన్న దాని మీద మాత్రం రెండు మాటలు అనుకున్నారు. చేయి కడుక్కుని వచ్చాక పెద్దావిడ, “టీపాయ్‌లు ఇప్పుడు ఇయ్యలేమమ్మా, ఏమనుకోవద్దు” అన్నారు. అనుకోవడానికి ఓపిక లేదు. బస్సు ఎన్నింటికో అడిగాను.

మూడింటికి ప్రొద్దుటూరు నుంచి కర్నూలుకు నేరుగా బస్సు దొరికింది. ఈసారి సీటు దొరికింది, పక్కన పెట్టుకోవడానికే ఏమీ లేదు. నంద్యాల రాకముందే నిద్రపోయాను. ఇల్లు చేరేసరికి చీకటి పడింది. పొద్దున వదిలిన గది అలాగే ఉంది. మరునాడే నా వంతు ఆదివారం, ఇక జ్వరమని చెప్పడానికి కూడా శక్తి లేదు. నలుగురూ వచ్చారు. పుస్తకాల దొంతరలు సోఫాకు అటూ ఇటూ జరిపి, టీ గ్లాసులు వాటి మీదే పెట్టాను. కాసేపటికి లెక్కల మేడం తన గ్లాసు ఎత్తి పట్టుకుని, దాని కింది పుస్తకం లాక్కుని చదవడం మొదలుపెట్టింది. గ్లాసు పెట్టడానికి ఇంకో పుస్తకం అడిగింది. చీకటి పడేదాకా ఎవరూ లేవలేదు. అలాంటి టీపాయ్‌ల కోసం నేను ఇంకా వెతుకుతున్నాను గానీ తొందరేమీ లేదు. ప్రొద్దుటూరులో ఆ రెండూ ఈపాటికి ఆ పచ్చీసు గుడ్డ కింద పక్కపక్కనే ఉండి ఉంటాయనుకుంటాను.

మీరు పాత సామాను కోసం అటు వెళ్ళేటట్టయితే, బయల్దేరే ముందు ఫోన్ చేయండి. కొలతలూ ధరా తర్వాత, ముందు ఆ జత ఎన్ని ఇళ్ళలో ఉందో అడగండి.